చెక్క ఎరలకు బరువు: లోహం ఎంపిక నుంచి నీటి పరీక్ష దాకా

చేపల కోసం చెక్కిన ఎరను బరువేమీ పెట్టకుండా నీటిలో వదిలితే అది పక్కకు ఒరిగి తేలుతుంది. ముందు భాగాన లిప్‌ను, అంటే లాగినప్పుడు ఎరను కిందికి దించి పక్కలకు ఊపే చిన్న పలకను, ఎంత కొలతగా అమర్చినా, లాగినప్పుడు ఈదడానికి బదులు గిరగిర తిరిగి దారాన్ని మెలిపెడుతుంది. పొట్ట అడుగున కూర్చోబెట్టిన కొద్ది గ్రాముల లోహం దాన్ని నిటారుగా నిలుపుతుంది, నీటిలో తేలాలో మునగాలో నిర్ణయిస్తుంది, విసిరినప్పుడు దూరం వెళ్లేలా చేస్తుంది. కొత్తగా ఎరలు చెక్కేవారు ఎంత బరువు పెట్టాలని ముందుగా అడుగుతారు. నా ఉద్దేశంలో ఆ బరువు ఎక్కడ పెట్టాలన్నది అంతకంటే పెద్ద ప్రశ్న. లెక్క వేసి దగ్గరి సంఖ్యకు చేరుకోవచ్చు గానీ, తుది నిర్ణయం బకెట్ నీళ్లలో పరీక్షించాకే తీసుకోవాలి.

ఏ లోహం వాడాలి

బరువుకు వాడే లోహంలో చూడవలసిన మొదటి గుణం సాంద్రత. ఒక ఘన సెంటీమీటరు సీసం 11.34 గ్రాములు తూగుతుంది. అదే పరిమాణంలో టంగ్‌స్టన్ 19 గ్రాములకు పైగా, బిస్మత్ 9.8, రాగి 8.96, ఇత్తడి సుమారు 8.5, ఉక్కు 7.85, తగరం 7.3 గ్రాములు తూగుతాయి. ఈ తేడా ఎందుకు ముఖ్యమో ఒక చిల్లును లెక్కగట్టి చూస్తే తెలుస్తుంది. 8 మి.మీ. వ్యాసం గల చిల్లులో ఒక సెంటీమీటరు లోతున సీసం నింపితే 5.7 గ్రాములు పడుతుంది, ఉక్కు అయితే 4 గ్రాముల లోపే. ఆరు గ్రాములు కావలసిన చోట సీసానికి దాదాపు 11 మి.మీ. లోతు చాలు, ఉక్కుకు 15 మి.మీ. పైన కావాలి, టంగ్‌స్టన్‌కు 6 మి.మీ. పైచిలుకు సరిపోతుంది. ఎర ఎత్తు 20 మి.మీ. మాత్రమే అయినప్పుడు 15 మి.మీ. పొడవున్న ఉక్కు ముక్క పొట్ట నుంచి నడుము దాటి వీపు వైపు చొచ్చుకుపోతుంది. అలా పైకి వెళ్లిన ప్రతి మిల్లీమీటరూ నిలకడను తగ్గిస్తుంది. సాంద్రత తక్కువైన లోహం వాడాలనుకుంటే ఒక లోతైన చిల్లుకు బదులు పక్కపక్కన రెండు మూడు లోతులేని చిల్లులు వేయడమే మార్గం.

సీసం మెత్తగా ఉంటుంది, కత్తితో కోయవచ్చు, సులువుగా దొరుకుతుంది. అయితే అది విషం. సీసానికి హాని చేయని మోతాదంటూ ఏదీ తెలియదని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టంగా చెబుతోంది. నీటిలో జారిపోయిన చిన్న సీసపు గుండ్లను రాళ్లనుకొని మింగిన నీటిపక్షులు చనిపోతున్నాయని తేలడంతో కొన్ని దేశాలు వాటిని కట్టడి చేశాయి. బ్రిటన్‌లో 0.06 నుంచి 28.35 గ్రాముల మధ్య ఉండే సీసపు గాలపు గుండ్ల అమ్మకాన్ని 1987లో నిషేధించారు. కెనడా జాతీయ ఉద్యానాలలో 50 గ్రాముల కంటే తక్కువ బరువున్న సీసపు గుండ్లు వాడకూడదు. ఇలాంటి నిబంధనలు ఎక్కువగా దారానికి విడిగా కట్టే గుండ్లను ఉద్దేశించినవి. చెక్క లోపల మూసిపెట్టిన బరువుకు అవి వర్తిస్తాయా లేదా అన్నది చోటును బట్టి మారుతుంది కాబట్టి, చేపలు పట్టబోయే ప్రాంతపు నియమాలను ముందే తెలుసుకోవాలి. ఇంట్లో చిన్నపిల్లలు గానీ గర్భిణులు గానీ ఉంటే సీసాన్ని కరిగించే ఆలోచన మానుకొని తగరం, బిస్మత్, ఉక్కు వైపు వెళ్లడం మంచిది.

బరువులు ఎక్కడ దొరుకుతాయి

కరిగించకుండా వాడగలిగిన బరువులు మనం అనుకున్నదాని కంటే ఎక్కువే ఉన్నాయి. గాలపు సామాను అమ్మేచోట దొరికే గుడ్డు ఆకారపు సీసపు గుండ్లు, నోరు చీలిన చిన్న గుండ్లు, ఈక ఎరలు కట్టేవారు వాడే సీసపు తీగ, వీటిలో ఏదైనా నేరుగా చిల్లులో పడుతుంది. గుడ్డు గుండుకు మధ్యలో ముందే రంధ్రం ఉంటుంది కాబట్టి, పొట్ట గాలం తగిలించే తీగను అందులోంచి దూర్చి రెండింటినీ కలిపి అంటించవచ్చు. లోపల తీగ నడిచే ఎరలకు ఇంతకంటే అనువైనది నాకు కనిపించలేదు. ఎయిర్‌గన్ గుళ్లలో 4.5 మి.మీ. రకం ఒక్కొక్కటి అర గ్రాము అటూ ఇటూ ఉంటుంది కాబట్టి సూక్ష్మమైన సవరణకు బాగుంటుంది. పెట్టె మీద సీసం లేనిదని రాసి ఉంటే మాత్రం బరువు వేరు. కర్టెన్ల అంచు కిందికి వేలాడేందుకు లోపల కుట్టే గొలుసు, పైకప్పుల అతుకులకు వాడే సీసపు రేకు, నీటి అడుగున ఈదేవారు నడుముకు కట్టుకునే బరువులు కూడా పనికొస్తాయి. రేకును కత్తెరతో సన్నని పట్టీలుగా కోసి, చిల్లు వ్యాసానికి సరిపడేలా బిగుతుగా చుట్టి, చివరను సుత్తితో మెల్లగా తడితే పోత పోసినదానికి తీసిపోని ముక్క తయారవుతుంది.

సీసం కానివాటిలో సైకిల్ బేరింగ్ గోళీలు నిజంగా సులువైనవి. వెనుక చక్రం ఇరుసులో సాధారణంగా వాడే పావు అంగుళం గోళీ దాదాపు 1 గ్రాము తూగుతుంది. 8 మి.మీ. గోళీ 2.1 గ్రాములు, 10 మి.మీ. గోళీ 4.1 గ్రాములు. తక్కెడ లేకుండానే లెక్కపెట్టుకునే వీలున్న బరువులు ఇవి. అయితే ఒకే చిల్లులో గోళీలను ఒకదానిపై ఒకటి పేరిస్తే వాటి మధ్య మూడో వంతు చోటు ఖాళీగా పోతుంది కాబట్టి, గోళీకొక చిల్లు చొప్పున పొట్ట వెంబడి వరుసగా వేయడమే సరైన పద్ధతి. ఉక్కు తుప్పు పడుతుంది. చిల్లును జిగురుతో పూర్తిగా మూసినప్పుడు అది సమస్య కాదు గానీ, ఎక్కడైనా నీరు దూరితే కొన్నాళ్లకు పొట్ట మీది రంగు ఉబ్బి గోధుమ రంగు మరక బయటపడుతుంది. ఇత్తడి కడ్డీని చిల్లు వ్యాసంలోనే కొని రంపంతో ముక్కలుగా కోసుకుంటే ఆ బెడద ఉండదు. టంగ్‌స్టన్ 3,400 డిగ్రీలు దాటితే గానీ కరగదు, కోయడమూ కష్టం. దాన్ని పూసలుగానో చిన్న స్తంభాలుగానో తయారైనవి కొనడమే తప్ప ఇంట్లో మలచలేము. ఖరీదైనదే అయినా బొటనవేలంత చిన్న ఎరలకు దానికి సాటి లేదు.

వాహనాల చక్రాలకు బిగించే సమతూకపు బరువులు పాతవి చాలామంది సేకరిస్తారు. వాటిలో సీసం, జింకు, ఉక్కు మూడూ కలిసి ఉంటాయి. అయస్కాంతానికి అంటుకునేది ఉక్కు. కటింగ్ ప్లయర్‌తో నొక్కితే పళ్లు దిగబడేది సీసం, దిగబడకుండా గట్టిగా నిలిచేది జింకు. కొన్నింటి మీద లోహపు గుర్తు కూడా పోసి ఉంటుంది. వాహనాల బ్యాటరీలలోని పలకలను మాత్రం ఎంత ఉచితంగా వచ్చినా ముట్టుకోకూడదు. వాటిలో ఆమ్లంతో పాటు ఆర్సెనిక్, ఆంటిమొనీ వంటివి కూడా ఉంటాయి, కరిగించినప్పుడు ప్రాణాంతకమైన వాయువులు వెలువడవచ్చు.

ఎంత బరువు కావాలో లెక్కవేయడం

ముందుగా ఎర ఘనపరిమాణం తెలియాలి. దీనికి 0.1 గ్రాము వరకు చూపే చిన్న డిజిటల్ తక్కెడ, వెడల్పు గిన్నె, సన్నని సూది చాలు. చెక్కడం పూర్తయి, నీరు పీల్చకుండా సీలర్ పూసి ఆరబెట్టిన ఎరను తీసుకోవాలి. గిన్నెలో నీరు పోసి తక్కెడపై పెట్టి అంకెను సున్నాకు తేవాలి. సూదిని ఎర వీపున కొద్దిగా గుచ్చి, ఎర నీటిలో పూర్తిగా మునిగేవరకు నొక్కి పట్టుకోవాలి. ఎర గానీ సూది గానీ గిన్నె అంచుకూ అడుగుకూ తగలకూడదు. అప్పుడు తక్కెడ చూపే గ్రాముల అంకే ఘన సెంటీమీటర్లలో ఎర ఘనపరిమాణం. చేయి వణికితే అంకె కదులుతూ ఉంటుంది కాబట్టి మోచేతిని బల్లకు ఆనించి, అంకె నిలిచాక చదవాలి.

ఉదాహరణకు ఘనపరిమాణం 20 ఘన సెం.మీ. అనుకుందాం. చెక్క సాంద్రత 0.4 అయితే ఎర 8 గ్రాములు తూగుతుంది. మంచినీటిలో అది 20 గ్రాముల నీటిని తొలగిస్తుంది కాబట్టి 12 గ్రాముల తేలుడు మిగులుతుంది. గాలాలు, రింగులు, తీగ కలిపి 4 గ్రాముల ఉక్కు అనుకుంటే, నీటిలో దాని ప్రభావం సుమారు 3.5 గ్రాములు. ఒక గ్రాము పాలికార్బొనేట్ (గట్టి ప్లాస్టిక్) లిప్ నీటి సాంద్రతకు దగ్గరగా ఉండడంతో 0.2 గ్రాములకు మించి లాగదు. పైన పూసే రంగు, ఎపాక్సీ (రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే జిగురు) పూత గురించి చాలామందిలో ఒక అపోహ ఉంది. రెండు గ్రాముల పూత వేస్తే ఎర రెండు గ్రాముల మేర మునుగుతుందని వారు అనుకుంటారు. నిజానికి ఆ పూత తన చోటు మేరకు నీటిని కూడా తొలగిస్తుంది కాబట్టి దాని అసలు ప్రభావం అర గ్రాము లోపే. ఇవన్నీ తీసేస్తే సుమారు 8 గ్రాముల తేలుడు మిగులుతుంది. ఎర నెమ్మదిగా పైకి తేలాలంటే అందులో 2 గ్రాములు ఉంచి మిగతా 6 గ్రాములను బరువుతో పూడ్చాలి. నీటి మధ్యలో నిలిచిపోవాలంటే మొత్తం 8 గ్రాములూ పూడ్చాలి, మునగాలంటే అంతకు మించి పెట్టాలి. సీసం ముక్క కూర్చునే చోట తీసేసిన చెక్క బరువు కూడా తగ్గుతుంది కాబట్టి 6 గ్రాముల ప్రభావానికి 6.2 గ్రాముల సీసం కావాలి.

బాల్సా వంటి 0.16 సాంద్రతకు అటూ ఇటూ ఉండే తేలిక చెక్కకు ఇదే పరిమాణంలో దాదాపు 5 గ్రాములు అదనంగా పట్టవచ్చు. టేకు వంటి 0.65 సాంద్రత గల చెక్కకు సగం బరువైనా పెట్టే వీలుండదు. తేలిక చెక్కలో ఎక్కువ బరువును అట్టడుగున పెట్టుకోగలగడమే అందరూ దాన్ని ఇష్టపడడానికి అసలు కారణం. ఉప్పునీటి సాంద్రత 1.025 కాబట్టి ఇదే ఎర సముద్రంలో అర గ్రాము ఎక్కువ తేలుతుంది. నీటి మధ్యలో నిలిచే ఎరను ఏ నీటి కోసం చేస్తున్నామో ఆ నీటిలోనే పరీక్షించాలి.

నీటి పరీక్ష

చిల్లు వేయకముందే ఈ పరీక్ష చేయాలి. సీలర్ పూసిన ఎరకు లిప్, గాలాలు, రింగులు అన్నీ తాత్కాలికంగా బిగించాలి. లెక్క ప్రకారం వచ్చిన బరువును సీసపు తీగ రూపంలో గానీ చిన్న ముక్కల రూపంలో గానీ పొట్టకు పలుచని టేపుతో అంటించి, లోతైన బకెట్‌లోనో తొట్టిలోనో వదలాలి. ఎర ముక్కు వైపు వాలితే బరువును వెనక్కి, తోక వైపు వాలితే ముందుకు రెండు మూడు మిల్లీమీటర్ల చొప్పున జరపాలి. ఆ తర్వాత వేలితో ఎర వీపును ఒక పక్కకు ఒరగనొక్కి వదిలేయాలి. వెంటనే లేచి నిలబడితే నిలకడ ఉన్నట్టు. బద్ధకంగా లేస్తే బరువు చాలలేదనో, పైకి ఉందనో అర్థం. నొక్కినంత సేపు కూడా ఒరగకుండా మొరాయిస్తే బరువు మితిమీరిందని తెలుసుకోవాలి. అటువంటి ఎర ఎంత లాగినా కర్రలా నేరుగా వస్తుంది తప్ప పక్కలు ఊపదు.

బయట అంటించిన బరువు, లోపల పెట్టిన బరువు ఒకేలా పనిచేయవన్నది ఇక్కడ గుర్తుంచుకోవలసిన సంగతి. బయట ఉన్నప్పుడు 6 గ్రాముల సీసం తానూ అర ఘన సెంటీమీటరు నీటిని తొలగించి కొంత తేలుడు ఇస్తుంది. అదే ముక్కను చిల్లులోకి దించితే ఆ తేలుడు పోతుంది. మొత్తంగా లోపలి సీసం బయటిదాని కంటే 5 శాతానికి పైగా ఎక్కువ లాగుతుంది. టేపుతో పరీక్షించినప్పుడు 6 గ్రాములు సరిపోయిందనిపిస్తే లోపల 5.7 గ్రాముల దాకా పెడితే చాలు. తేలే ఎరలకు ఈ తేడా పెద్దగా తెలియదు గానీ, నీటి మధ్యలో నిలవాల్సిన ఎర దీనితోనే మునిగిపోతుంది.

బరువు ఎక్కడ పెట్టాలి

లిప్ ఉండి కిందికి మునిగి ఈదే ఎరలకు బరువు పొట్ట గాలానికి కాస్త ముందు, వీలైనంత అడుగున ఉండాలి. నిలువుగా చూస్తే బరువు కేంద్రం తేలుడు కేంద్రానికి కింద ఉంటుంది కాబట్టి ఎర లిప్ తోపుకు పక్కకు ఊగినా మళ్లీ నిటారుకు వస్తుంది, ఆ ఊగడం లేవడమే చేపకు కనిపించే కదలిక. పక్కలు చదునుగా ఉన్న ఎరలు తక్కువ బరువుతోనే ఉత్సాహంగా ఊగుతాయి. గుండ్రని ఎరలకు నిలకడ కోసం ఎక్కువ బరువు కావాలి. పొడవాటి సన్నని ఎరలలో అంతా ఒకే చోట పెట్టకుండా రెండు మూడు చోట్ల పంచితే నీటిలో ఆగినప్పుడు అడ్డంగా నిలుస్తాయి.

నీటి ఉపరితలంపై అటూ ఇటూ తల తిప్పుతూ నడిచే ఎరలకు ఈ సూత్రం వర్తించదు. వాటికి బరువు తోక దగ్గర ఉండాలి, నిలిచి ఉన్నప్పుడు తోక మునిగి ముక్కు పైకి లేచి ఉండాలి. లాగినప్పుడు ముక్కు పక్కకు జారడానికి ఆ వాలే కారణం. తోక బరువు విసిరినప్పుడు ముందుకు దూసుకుపోవడానికి కూడా సాయపడుతుంది. లిప్ లేకుండా పక్కలకు జారే ఎరలను ముందొకటి, వెనకొకటి రెండు బరువులతో అడ్డంగా మునిగేలా సరిచూసుకోవాలి. కీలుతో రెండు ముక్కలుగా ఉండే ఎరలో ప్రతి ముక్కనూ విడిగా నీటిలో వేసి దేనికది నిలకడగా ఉందో లేదో చూసుకున్నాకే కలపాలి.

చిల్లు వేసి బరువు దించడం

గుండ్రంగా చెక్కిన ఎరకు నిటారుగా చిల్లు వేయడం కష్టం. అందుకని మొదటి నమూనాను మాత్రం ఆంగ్ల అక్షరం ‘వి’ ఆకారంలో గాడి తీసిన చెక్కలో వీపు కిందికి పెట్టి బిగించి చిల్లు వేయాలి. బరువు స్థానం ఖాయమయ్యాక, అదే కొలతలతో చేసే తర్వాతి ఎరలకు చెక్క ఇంకా చదరపు దిమ్మెగా ఉన్నప్పుడే చిల్లులు వేసుకుంటే పని తేలికవుతుంది. మధ్యలో మొన ఉన్న చెక్క డ్రిల్ బిట్ వాడితే జారదు. కావలసిన లోతుకు మరో రెండు మిల్లీమీటర్లు కలిపి బిట్ చుట్టూ టేపు గుర్తు పెట్టుకోవాలి. ఆ అదనపు చోటు పైన మూత వేయడానికి.

చిల్లు లోపలి గోడకు పలుచగా ఎపాక్సీ పూసి, సీసం ముక్క మీద కత్తితో గీతలు గీసి దించాలి. ముక్క చిల్లుకు మరీ బిగుతుగా ఉంటే అడుగున గాలి చిక్కుకుంటుంది. ఎండలో ఎర వేడెక్కినప్పుడు ఆ గాలి వ్యాకోచించి పూతలో బుడగ లేపుతుంది కాబట్టి, ముక్క పక్కన సన్నని గాడి తీసి గాలి బయటికి పోనివ్వాలి. పైన మిగిలిన రెండు మిల్లీమీటర్లను చెక్కపొడి కలిపిన ఎపాక్సీతో నింపి, గట్టిపడ్డాక ఉప్పుకాగితంతో ఎర ఉపరితలానికి సమం చేయాలి. ఉప్పుకాగితం సీసానికి తగలకూడదన్నది ఈ లోతు ఉంచడంలో మరో ఉద్దేశం. సీసాన్ని రాపాడితే కంటికి కనిపించని పొడి లేచి ఊపిరిలోకి పోతుంది. సవరించాల్సి వస్తే కత్తితో చెక్కాలి, ముక్కలను ఏరి డబ్బాలో వేయాలి, పని ముగిశాక చేతులు సబ్బుతో కడగాలి.

కరిగించి పోత పోయాల్సి వస్తే

కొద్దిపాటి ఎరలకు కరిగించే పని అవసరమే లేదన్నది నా అభిప్రాయం. ఒకే రకం ముక్కలు చాలా కావలసినప్పుడు మాత్రం తగరం, లేదా 58 శాతం బిస్మత్, 42 శాతం తగరం కలిసిన మిశ్రమంతో మొదలుపెట్టాలి. తగరం 232 డిగ్రీల సెల్సియస్ వద్ద, ఆ మిశ్రమం కేవలం 138 డిగ్రీల వద్ద కరుగుతాయి. మిశ్రమం సాంద్రత సుమారు 8.6 కాబట్టి ఉక్కు కంటే మెరుగే. సీసం 327 డిగ్రీల వద్ద కరుగుతుంది. దాన్ని వంటింట్లో, వంట పాత్రలలో ఎట్టి పరిస్థితుల్లోనూ కరిగించకూడదు. ఆరుబయట, గాలి వీపు వైపు నుంచి వీచేలా నిలబడి, ఉక్కు లేదా పోత ఇనుప పాత్రలో, వీలైతే వేడిని అదుపు చేసే విద్యుత్ కొలిమి మీద చేయాలి. కంటి అద్దాలు, తోలు చేతితొడుగులు, పొడుగు చేతుల నూలు చొక్కా, మూసిన బూట్లు తప్పనిసరి.

అన్నిటికంటే పెద్ద ప్రమాదం తేమ. కరిగిన సీసంలో ఒక్క నీటిచుక్క పడినా అది క్షణంలో వెయ్యి రెట్లకు పైగా వ్యాకోచించే ఆవిరై లోహాన్ని చుట్టూ చిమ్ముతుంది. అచ్చు, గరిటె, తర్వాత వేయబోయే లోహపు ముక్కలు అన్నీ ముందే వేడిచేసి పొడిగా ఉంచుకోవాలి. కరిగిన సీసాన్ని నేరుగా చెక్క చిల్లులో పోయడం కూడా ఈ కారణంగానే మంచిది కాదు. ఎండిన చెక్కలోనూ కొంత తేమ ఉంటుంది. పైగా సీసం గట్టిపడేటప్పుడు ముడుచుకొని చిల్లులో వదులై, ఎర కదిలినప్పుడల్లా టకటక కొట్టుకుంటుంది.

అచ్చుకు పది పన్నెండు మిల్లీమీటర్ల మందం గల అల్యూమినియం పలకలో కావలసిన వ్యాసంతో చిల్లులు వేసి, చదునైన ఉక్కు పలకపై బిగిస్తే సరిపోతుంది. చిల్లుల లోపలికి కొవ్వొత్తి మసి పట్టిస్తే ముక్కలు అంటుకోవు. సీసం కరిగాక చిన్న మైనపు ముక్క వేసి కలిపితే తెట్టు పైకి తేలుతుంది, మైనం భగ్గుమని మండవచ్చు కాబట్టి ముఖం దూరంగా ఉంచాలి. ఆ తెట్టు కూడా విషమే, దాన్ని మూత ఉన్న డబ్బాలో భద్రపరచి ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే చోట అప్పగించాలి. చక్రాల బరువులు వాడుతుంటే వేడి 400 డిగ్రీలు దాటనివ్వకూడదు. జింకు 419 డిగ్రీల వరకు కరగదు కాబట్టి పొరపాటున కలిసిన ముక్కలు పైకి తేలుతాయి, గరిటెతో తీసేయవచ్చు. మొదటి రెండు మూడు పోతలు అచ్చు చల్లగా ఉండడం వల్ల ముడతలు పడతాయి. వాటిని తిరిగి పాత్రలో వేసి, అచ్చు వేడెక్కాక వచ్చినవాటిని ఉంచుకోవాలి.

పూత ఆరిన తర్వాత సవరణ

పూత ఆరి గాలాలు బిగించాక ఎరను మళ్లీ నీటిలో వేయాలి. కొంచెం ఎక్కువ తేలుతుంటే ముందు గాలం కాడకు సీసం లేని సోల్డర్ తీగను నాలుగైదు చుట్లు చుట్టి, లేదా పొట్టకు జిగురున్న లోహపు పట్టీ అంటించి సరిచేయవచ్చు. ఒక సైజు పెద్ద గాలాలు మార్చినా అదే ఫలితం వస్తుంది. ఎక్కువ మునుగుతుంటే ముందుగా సన్నని కమ్మీ గాలాలు పెట్టి చూడాలి. అప్పటికీ సరికాకపోతే పొట్ట మూతలోంచి చిన్న డ్రిల్ బిట్‌ను చేతి పిడికి బిగించి మెల్లగా తిప్పుతూ బరువులో కొంత తొలిచి, ఆ తురుమును తడి గుడ్డతో ఎత్తి, చిల్లును ఎపాక్సీతో మళ్లీ మూయాలి. కుదిరిన ఎర ఘనపరిమాణం, చెక్క రకం, బరువు, ముక్కు నుంచి ఆ బరువు మధ్యభాగానికి ఉన్న దూరం రాసి పెట్టుకుంటే అదే ఆకారంలో చేసే తర్వాతి ఎరకు చదరపు దిమ్మె దశలోనే చిల్లు వేసుకోవచ్చు. అయితే ఒకే జాతి చెక్కలో కూడా దుంగకూ దుంగకూ సాంద్రత తేడా ఉంటుంది కాబట్టి, కొత్త దిమ్మెను ముందుగా తూచి చూసుకోవాలి.